అడ్డగీత ముందా, నిలువుగీత ముందా: చైనా అక్షరాలతో నా 90 రోజుల డైరీ

నేను ఉండేది చైనాలోని షెన్‌జెన్‌లో. ఎలక్ట్రానిక్ విడిభాగాలు కొని పంపించే పని. చైనీస్ మాట్లాడతాను, ఫోన్‌లో పలుకును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి మెసేజ్ పంపుతాను. రెండేళ్లుగా దానితోనే బండి నడిచింది. చేత్తో రాయడం మాత్రం సున్నా. హ్వాచియాంగ్‌బెయ్ మార్కెట్‌లో దుకాణదారు గిలికి ఇచ్చిన సరుకు చీటీ చదవలేను. అట్టపెట్టె మీద మార్కర్‌తో అడ్రసు రాయమంటే ఫోన్ చూస్తూ బొమ్మ గీసినట్టు గీస్తాను. 18 అక్షరాల అడ్రసుకు 4 నిమిషాల 40 సెకన్లు పట్టింది, వెనక లైన్లో మనుషులు నిలబడి ఉండగా.

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను పోగొట్టుకున్న గంటలు వాళ్లకు మిగలాలని ఈ డైరీ.

దశ 0: గుర్తులు, సామాను

అక్షరాలను అర్థంతో చెబుతాను, గీతల వరసను అంకెలతో రాస్తాను. ఈ అంకెలు నేను కల్పించినవి కావు. ఇక్కడి ఫోన్లలో ‘బీహువా’ అని ఒక కీబోర్డు ఉంటుంది. బీహువా అంటే కలం గీత. వేల అక్షరాలకీ కలిపి ఐదే మీటలు:

1 = అడ్డగీత (హెంగ్). కింది నుంచి కుడికి పైకి ఎగదోసే చిన్న గీత కూడా ఇందులోకే వస్తుంది.
2 = నిలువుగీత (షు). అడుగున ఎడమకు కొక్కెం తిరిగినా 2 కిందే లెక్క.
3 = ఎడమకు వాలే గీత (ఫియె).
4 = చుక్క (డియెన్). కుడికి వాలే గీత కూడా ఇదే.
5 = కలం ఎత్తకుండా మలుపు తిరిగే గీత (జ), ఎన్ని మలుపులున్నా సరే.

గుర్తుపెట్టుకోవడానికి ఇక్కడివాళ్లకు ఒక చిట్కా ఉంది. ‘చీటీ, ఉత్తరం’ అనే అర్థమున్న ‘జా’ అక్షరంలో ఐదు గీతలూ సరిగ్గా 1-2-3-4-5 వరసలో వస్తాయి.

ఈ కీబోర్డులో గీతలు రాసే వరసలోనే కొట్టాలి. వరస తప్పితే అక్షరం రాదు. అంటే టీచర్ లేకపోయినా తప్పు పట్టే మనిషి జేబులో ఉన్నట్టే. నా కొలతలన్నీ దీనిమీదే.

మిగతా సామాను: గళ్ల నోటుబుక్కు (ప్రతి గడి మధ్యలో అడ్డం ఒకటి, నిలువు ఒకటి చుక్కల గీతలు ఉంటాయి, గడి వెడల్పు స్కేలుతో కొలిస్తే 15 మిల్లీమీటర్లు), 0.5 జెల్ పెన్ను, తెలుగు అర్థాలు రాసుకున్న చీటీలు, టైమర్.

లక్ష్యం: 2021 జులై 1న అమల్లోకి వచ్చిన చైనీస్ భాషా ప్రమాణంలో విదేశీయులు చేత్తో రాయాల్సిన అక్షరాలు 1200. తొలి స్థాయికి 300, మధ్య స్థాయికి 400, పై స్థాయికి 500. నేను పట్టుకున్నది తొలి 300. నా అడ్రసులో ఉండి జాబితాలో లేనివి కొన్ని వాటికి కలుపుకున్నాను.

దశ 1 (రోజు 1–12): దిద్దుడు

చిన్నప్పుడు పలక మీద ఓనమాలు ఎలా నేర్చుకున్నానో అలాగే మొదలుపెట్టాను. రోజుకు ఐదు అక్షరాలు, ఒక్కోదానికి రెండు వరసలు, అచ్చులో ఉన్నది చూసి దింపడం. 12 రోజులకు 60 అక్షరాలు, 24 పేజీలు. పేజీలు చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి.

12వ రోజు రాత్రి పరీక్ష. నియమాలు ఇవి, చివరి దాకా మార్చలేదు:

1. తెలుగు అర్థం ఉన్న చీటీ తీయాలి. అక్షరం ఎక్కడా కనబడకూడదు.
2. బీహువా కీబోర్డులో గీతలు కొట్టాలి.
3. అక్షరం మధ్యలోనే కనబడినా ఆగకుండా చివరి గీత దాకా కొట్టాలి.
4. అప్పటికీ కీబోర్డు చూపించే అక్షరాల్లో అది ఉంటే పాస్. రెండో ఛాన్స్ లేదు.

మూడో నియమం ముఖ్యం. ఈ కీబోర్డు నాలుగు గీతలకే ఊహించి అక్షరం చూపించేస్తుంది. అక్కడ ఆగితే మనకు మనమే మార్కులు వేసుకున్నట్టు.

60లో 23 పాస్. పోయిన 37ను విడదీస్తే: ఆకారమే గుర్తురానివి 9, ఆకారం తెలిసీ వరస తప్పినవి 19, గీతల లెక్క తప్పినవి (ఒక గీతను రెండుగా విరవడం, రెండిటిని కలిపేయడం) 9.

కారణం వెతకడానికి అటూ ఇటూ పుస్తకాల దొంతర్లు పేర్చి, మీద ఫోన్ బోర్లా పెట్టి, నా చెయ్యి వీడియో తీశాను. నెమ్మదిగా తిప్పి చూస్తే సంగతి బయటపడింది. ‘నోరు’ అక్షరం ఒక చదరం. దానికి మూడు గీతలు: ఎడమ నిలువు, పై అడ్డంతో మొదలై మలుపు తిరిగి కిందికి దిగే గీత, అడుగు అడ్డం. 2-5-1. నా చెయ్యి మాత్రం ఎడమ మూల అడుగున పెన్ను ఆనించి, పైకి ఎక్కి, చుట్టూ తిరిగి వచ్చి మూసేస్తోంది. ఒకే గీత. అది చదరం కాదు, నాలుగు మూలలున్న సున్న! తెలుగు చెయ్యి గుండ్రంగా తిరగడానికే అలవాటు పడింది, మూల కనబడితే దాన్నీ దొర్లించుకుపోతుంది. ‘క’కు తలకట్టు ముందు పెట్టావా చివర పెట్టావా అని మనల్ని పెద్దయ్యాక అడిగినవాళ్లు ఎవరు? ఇక్కడ అదే అడుగుతారు.

చూసి దింపేటప్పుడు కన్ను ఆకారాన్ని సరిచూసుకుంటుంది. వరసను చూసే దిక్కు లేదు. 24 పేజీలూ తప్పు వరసకు సాధన చేసినట్టయింది.

*మొత్తం: 60 అక్షరాలు సాధన, 23 పాస్, 15 గంటలు.*

దశ 2 (రోజు 13–30): ముక్కలు ముందు

మార్చినవి:

1. కొత్త అక్షరాలు ఆరు రోజులు ఆపేశాను. పాత 37 తప్పుల్లో పదే పదే వచ్చే ముక్కలు 12 తీశాను: నోరు, చెట్టు, ఆడమనిషి, తలుపు, నీటి మూడు చుక్కలు, నడక ముక్క, ఇలాంటివి.
2. ఒక్కో ముక్క వరసను అంకెలుగా బయటికి చదువుతూ రాయడం. ‘ఆడమనిషి’ 5-3-1. ‘తలుపు’ 4-2-5.
3. చూసి రాయడం బంద్. చీటీ చూడాలి, రాయాలి, తర్వాతే సరిచూడాలి. తప్పితే మూడుసార్లు, తప్పకపోతే ఒక్కసారి కూడా వద్దు.
4. జెల్ పెన్ను తీసేసి 2బి పెన్సిల్. జెల్ పెన్ను కాగితం మీద జారిపోతుంది, మలుపు దగ్గర ఆగదు. పెన్సిల్ కాస్త పట్టుకుంటుంది కాబట్టి మూల దగ్గర చెయ్యి ఆగడం తెలిసింది.

సూత్రాలు ఇక్కడి పిల్లలకు పాటలా నేర్పిస్తారు. ‘శ్యెన్ హెంగ్, హౌ షు’: ముందు అడ్డం, తర్వాత నిలువు. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, బయటిది ముందు లోపలిది తర్వాత, మూత చివర. వినడానికి బాగానే ఉంటాయి. నన్ను ముంచినవి వాటికి లొంగని జంటలు.

‘తొమ్మిది’, ‘బలం’ చూడండి. రెండిట్లోనూ ఒక వాలుగీత, ఒక మలుపుగీత. ‘తొమ్మిది’కి వాలు ముందు: 3-5. ‘బలం’కు మలుపు ముందు: 5-3. సూత్రం అడిగితే రాదు, చేతికే రావాలి. రెండిటినీ ఒకే గడిలో పక్కపక్కన రాయడం మొదలుపెట్టాక నాలుగో రోజుకు కుదిరింది.

‘చిన్న’కు మధ్య నిలువు ముందు, పక్కలు తర్వాత: 2-3-4. ‘నీళ్లు’ కూడా మధ్య నుంచే: 2-5-3-4. అదే ఊపులో ‘నిప్పు’కు కూడా మధ్యలో ఉన్న మనిషి ఆకారం ముందు వేశాను. ఫెయిల్. నిప్పుకు రెండు పక్కల రవ్వలు ముందు, మనిషి తర్వాత: 4-3-3-4.

‘నేను’ 3-1-2-1-5-3-4. ఏడు గీతలు. ఇది నాకు ఎనిమిది రోజులు రాలేదు. ప్రతి వాక్యానికీ కావలసిన మాట, అందులోనూ ‘నేను’, అదే రాయలేకపోవడం కాస్త నామోషీగానే అనిపించింది. చివరి చుక్కను ముందే పెట్టేస్తున్నాను. చివరి రెండు గీతలను మాత్రమే విడిగా ఒక పేజీ రాశాక తగ్గింది.

*మొత్తం: 96 అక్షరాలు సాధన, 71 పాస్, 30 గంటలు. పాస్ శాతం 38 నుంచి 74కు.*

దశ 3 (రోజు 31–47): లావ్‌షి, తర్వాత జపాన్ దెబ్బ

మా అపార్ట్‌మెంట్ కింద రోజూ సాయంత్రం కూర్చునే పెద్దావిడ ఒకప్పుడు ప్రైమరీ స్కూల్ టీచర్. ఇక్కడ టీచర్‌ను లావ్‌షి అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. నోటుబుక్కు తెచ్చి చూపించమంది. ‘దేశం’ అక్షరం దగ్గర వేలు పెట్టి ఆగింది. అది ఒక పెట్టె, లోపల పచ్చరాయి. నేను పెట్టె నాలుగు వైపులా మూసి లోపల రాయి పెట్టాను. చూస్తే వరస తెలిసిపోతుందా అని అడిగాను. అడుగు గీత పక్క గోడలకు ఆనకుండా పైకి తేలింది, లోపలి రాయి ఇరుకులో నలిగింది, అందుకే తెలిసింది అంది. “మనుషులు లోపలికి వచ్చాక కదా తలుపు వేస్తాం!” 2-5, లోపల 1-1-2-1-4, ఆ తర్వాత మూత 1.

ఆవిడ దగ్గర నేర్చుకున్న పెద్ద విషయం ఎడమ పక్క ముక్కల గురించి. ‘బండి’ ఒంటరిగా ఉంటే 1-5-1-2, నిలువు చివర. అదే బండి ‘తిరగడం’ అనే అక్షరంలో ఎడమ సగమైతే 1-5-2-1: నిలువు ముందుకు వస్తుంది, ఆఖరి అడ్డగీత కుడికి పైకి ఎగదోసే గీత అవుతుంది. ‘ఎద్దు’ కూడా అంతే: ఒంటరిగా 3-1-1-2, ఎడమన ఉంటే 3-1-2-1. ఎందుకు అంటే, ఆ గీత పైకి లేచినచోటే కుడి సగం మొదలవ్వాలి. చెయ్యి అటే పోతోంది కాబట్టి గీత కూడా అటు లేస్తుంది. ఇది తెలిశాక ఎడమ ముక్కల తప్పులు వారంలో సగానికి పడ్డాయి.

‘నడక’ ముక్కకు ఇంకో తిరకాసు. ‘ఇది’ అనే అక్షరంలో ఎడమ నుంచి అడుగుకు తొట్టిలా పట్టే ముక్క చివర రాయాలి: 4-1-3-4, ఆ తర్వాత 4-5-4. ‘లేవడం’లో ఉన్న ముక్క కూడా అలాగే అడుగు పడుతుంది, కానీ అది ముందు. పొడుగు తోక ఉన్నవన్నీ చివరికే అనుకుంటే దెబ్బ తింటారు.

47వ రోజు పరీక్షలో 140కి 101. శాతం 74 నుంచి 72కు పడింది! పని చేస్తున్న పద్ధతి పాడైందేమో అని ఒక రాత్రంతా టెన్షన్.

39 తప్పులను కాగితం మీద పరిచాను. 14 ఒకే చోటి నుంచి వచ్చాయి. మెట్రోలో చూడటానికి గీతల వరస వీడియోలు కొన్ని డౌన్‌లోడ్ చేసుకున్నాను. అవి జపాన్ పిల్లల కోసం చేసినవి. అక్షరం అదే కాబట్టి వరసా అదే అనుకున్నాను. కాదు:

‘రాజు’: చైనాలో 1-1-2-1, జపాన్‌లో 1-2-1-1.
‘పొలం’: చైనాలో 2-5-1-2-1, జపాన్‌లో 2-5-2-1-1.
‘కుడి’: చైనాలో 1-3-2-5-1, జపాన్‌లో 3-1-2-5-1.

జపాన్‌లో గీతల వరసకు 1958లో వచ్చిన బోధనా పుస్తకం ఉంది. తైవాన్‌ది వేరే, 1996లో వచ్చింది. చైనాలో 1997లో 7000 అక్షరాలకు వరస ఖరారు చేశారు. తర్వాత 8105 అక్షరాల జాబితాకు తగ్గట్టు కొత్త ప్రమాణం 2021 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరి వరస వాళ్లకు ఒప్పే. నా కీబోర్డు చైనాది.

అన్నిటికన్నా వెటకారం ఏమిటంటే, గళ్ల నోటుబుక్కును ఇక్కడ ‘థియెన్‌జిగ’ అంటారు. గడి ‘పొలం’ అక్షరం ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. నెలన్నరగా ఆ పొలంలోనే దున్నుతూ దాన్నే తప్పు రాశాను.

మీరు మొదలుపెట్టేముందు ఈ పని చేయండి: ఏ వీడియో అయినా, యాప్ అయినా, ముందు ‘రాజు’ ఎలా రాస్తోందో చూడండి. రెండో గీత నిలువైతే అది మీకు పనికిరాదు.

*మొత్తం: 140 అక్షరాలు సాధన, 101 పాస్, 44 గంటలు.*

దశ 4 (రోజు 48–70): మరిపించడం

తప్పుగా పట్టుబడినదాన్ని మార్చడం కొత్తది నేర్చుకోవడం కంటే ఖరీదు. కొత్త అక్షరం సగటున రెండు రోజుల్లో నిలబడుతోంది, ఆ 14 మాత్రం ఒక్కొక్కటి ఐదారు రోజులు తీసుకున్నాయి. పెన్సిల్‌తో రాస్తే పాత దారిలోకే వెళ్తున్నాను. చేతికి అలవాటైన సైజు కాబట్టేమో అనిపించింది.

అప్పుడు లావ్‌షి పార్కుకు రమ్మంది. అక్కడ పొద్దున్నే పెద్దవాళ్లు స్పాంజి మొన ఉన్న పొడుగు కుంచెను నీళ్లలో ముంచి నేల పలకల మీద రాస్తారు. ఒక్కో అక్షరం అడుగు పైనే. ఆవిడ కుంచె నాకిచ్చి ‘రాజు’ రాయమంది. మొదటి అడ్డగీత వేశాను. రెండోదానికి కుంచె నిలువుగా దిగబోయింది. ఆవిడ ఏమీ అనలేదు, చెప్పు కొనతో రెండో అడ్డగీత పడాల్సిన చోట నేలను రెండుసార్లు తట్టింది. అంత పెద్ద గీతకు భుజం కదలాలి. వేళ్లకున్న పాత అలవాటు అక్కడ పనిచేయలేదు. రెండో అడ్డం, నిలువు, మూడో అడ్డం. షెన్‌జెన్ ఎండకు మూడో అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోతుంది. చూసి దింపడానికి ఏమీ మిగలదు.

పార్కుకు మూడు ఆదివారాలే వెళ్లగలిగాను, వానలు. కానీ 14లో 11 ఆ మూడు పొద్దులకే సరిపడ్డాయి. కుంచె లేనివాళ్లు తడిగుడ్డతో బాల్కనీ నేల మీద రాసుకోవచ్చు. నేనూ వానరోజుల్లో అదే చేశాను.

*మొత్తం: 188 అక్షరాలు సాధన, 163 పాస్, 63 గంటలు. 87 శాతం.*

దశ 5 (రోజు 71–90): కీబోర్డు చూడలేనివి

79వ రోజు మళ్లీ వీడియో తీశాను. ‘షెన్‌జెన్’లో మొదటి అక్షరం ‘లోతు’. 11 గీతలు: 4-4-1-4-5-3-4-1-2-3-4. కీబోర్డులో నెల క్రితమే పాస్. వీడియోలో చూస్తే నీటి మూడో గీతను పైనుంచి కిందికి లాగుతున్నాను. అది కింది నుంచి పైకి ఎగదోయాల్సిన గీత. కీబోర్డుకు దిశ తెలియదు, నేను 1 నొక్కాను కాబట్టి ఒప్పుకుంది. చుక్క, కుడివాలు రెండూ 4 కిందకే వస్తాయి కాబట్టి అక్కడ కూడా అది గుడ్డిదే. నా 163 పాసుల్లో దిశ తప్పినవి వీడియోలో 17 దొరికాయి. వాటిని ఫెయిల్‌గా రాసుకోలేదు, వేరే పట్టీలో పెట్టాను. అప్పటికి లెక్కల పద్ధతి మార్చితే పాతవాటితో పోల్చడానికి ఉండదని.

అందుకని వారానికి ఒకసారి వీడియో తప్పనిసరి చేశాను. రెండో రోజు నుంచే చేయాల్సింది.

86వ రోజు మార్కెట్‌లో ఒక చీటీ చేతికొచ్చింది. గీతలన్నీ కలిసిపోయిన రాత. మునుపు అదంతా ఒక దారం ఉండ. ఇప్పుడు పెన్ను ఎటునుంచి ఎటు ఈదుకుంటూ పోయిందో కొంత కనబడింది, 14 అక్షరాల్లో 9 చదివాను. కింద దుకాణదారు ఇంటిపేరు ‘వాంగ్’, అంటే ‘రాజు’ అక్షరమే. పెన్ను దారి చూస్తే అడ్డం, నిలువు, తర్వాత మిగతా రెండు అడ్డాలు కలిపి ఒకే ఊపులో. 1-2-1-1. నేను మూడు వారాలు కష్టపడి వదిలించుకున్న వరస!

లావ్‌షికి చూపిస్తే పడీ పడీ నవ్వింది. కలిపి రాసేటప్పుడు అలా రాయడం మామూలేనట, పాత కుంచె రాతల్లోనూ అదే కనబడుతుందట. “ఆయన దుకాణంలో ఉన్నాడు, నువ్వింకా బడిలో ఉన్నావు” అంది.

90వ రోజు పరీక్ష: 216కు 194. తప్పులు 22: ఆకారం మరిచినవి 13, వరస తప్పినవి 6, లెక్క తప్పినవి 3. వరస తప్పుల్లో రెండు ఇంకా జపాన్ బాకీలే. అడ్రసు 1 నిమిషం 35 సెకన్లు.

*మొత్తం: 216 అక్షరాలు సాధన, 194 పాస్, 78 గంటలు. 300కి ఇంకా కనీసం 106.*

91వ రోజు నుంచి

1. రోజుకు కొత్తవి నాలుగే. ఎనిమిది పెట్టుకున్న రోజుల్లో మూడోరోజుకు సగం జారిపోయాయి.
2. దిశ తప్పిన 17 తడిగుడ్డతో, రోజుకు మూడు.
3. 15 మిల్లీమీటర్ల గడి నుంచి 12కు దిగాలి. సరుకు చీటీ మీద గళ్లుండవు, జాగా కూడా ఉండదు.
4. అట్టపెట్టె మీద మార్కర్‌తో రాసేది ఇకనుంచి ఫోన్ జేబులో పెట్టుకునే. నిన్న ఒకటి రాశాను. కుర్రాడు తిప్పి చూసి, ఏమీ అడగకుండా ట్రాలీ మీద పడేశాడు.